నడుమ నిలబడితే నిజం కనబడుతుందా?

(కర్నూలు, కడప ప్రాంతాల గ్రామ కార్యకర్తల తరగతిలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)

 

నాకిచ్చిన అంశం "పత్రికలు - వస్తుగత దృష్టి, ఆత్మగత దృష్టి". పేరు చూసి భయపడొద్దు. ఇంగ్లీషు చదివినోళ్లు ఆబ్జెక్టివిటీ, సబ్జెక్టివిటీ అంటారు. మన ఊరి మాటల్లో ఉన్నదున్నట్టు చెప్పడం ఒకటి, తనకు తోచినట్టు చెప్పడం ఇంకొకటి. పెద్ద పత్రికలోళ్లు ఏమంటారంటే, "మేము ఉన్నదున్నట్టు రాస్తాం, మాకు ఏ పక్షమూ లేదు" అంటారు. మన కరపత్రాన్ని, మన చిన్న పత్రికను, మన నిజనిర్ధారణ నివేదికను చూసి మాత్రం, "ఇది దళితులు రాసుకున్నది గదా, పక్షపాతం ఉండక ఏమైతుంది" అని పక్కన పెడతారు.

ఇది ఉత్త మాటల తగాదా కాదు. మన గేరిలో దెబ్బలు తిన్న మనిషి మాట స్టేషన్లో నమ్ముతారా లేదా, కలెక్టరు కదులుతాడా లేదా, కోర్టులో కేసు నిలబడుతుందా లేదా అన్నది దీనితో ముడిపడి ఉంది. అందుకే ఈ పొద్దు ఈ మాటను ముడి విప్పి చూద్దాం.

అబద్ధం లేని అబద్ధపు వార్త

నేను బడిపంతుల్ని. బోర్డు మీద రాయకుంటే నాకు పాఠం నడవదు. ఒక వార్త రాస్తాను, చూడండి. ఇది ఏ పత్రికలోనూ వచ్చింది కాదు, నేనే కూర్చినాను. అయితే ఇట్లాంటి వార్త చదవనోళ్లు ఈ పందిట్లో ఎవరూ ఉండరు.

"నీటి కోసం ఇరువర్గాల ఘర్షణ. గ్రామంలో బోరు వద్ద తలెత్తిన వివాదం ఘర్షణకు దారితీసింది. పలువురు గాయపడ్డారు. పాతకక్షలే కారణమని తెలుస్తోంది. పోలీసులు పరిస్థితిని అదుపులోకి తెచ్చారు. ఇరువర్గాలపై కేసులు నమోదు చేశారు."

అయిదారు వాక్యాలు. యాడా కోపం లేదు, ఏడుపు లేదు, ఎవరినీ తిట్టలేదు. చూడడానికి ఎంత నిష్పాక్షికంగా ఉందో! ఇప్పుడు ఒక్కొక్క మాటే పట్టుకొని అడుగుదాం.

"ఇరువర్గాలు" అన్నాడు. ఎవరా రెండు వర్గాలు? ఒక వైపు ఊరంతా, భూములు, ట్రాక్టర్లు, సర్పంచి. ఇంకో వైపు ముప్పై గడపల మాదిగగేరి. త్రాసులో ఒక పక్క బండరాయి, ఇంకో పక్క బెండుముక్క పెట్టి "రెండు వస్తువులు తూచినాం" అంటే అది తూకమా?

"వివాదం తలెత్తింది" అన్నాడు. పాము పడగెత్తినట్టు అది తనంతట తానే తలెత్తిందా? బిందె తీసి విసిరేసింది ఎవరు? ఆ వాక్యంలో చేసినోడు లేడు, పని ఒక్కటే ఉంది. మా బడిలో ఏడో తరగతి పిల్లోడు ఇట్లా రాస్తే "కర్త ఏడిరా?" అని అడుగుతాను. పత్రికలో కర్త మాయమైతే ఎవ్వరూ అడగరు.

"పలువురు గాయపడ్డారు." ఎంతమంది? ఏ వైపు ఎంతమంది? తలకాయ పగిలినోడూ, ఆ తలకాయ పగలగొట్టేటప్పుడు చేయి బెణికినోడూ ఇద్దరూ "పలువురి"లోనే కలిసిపోయినారు.

"తెలుస్తోంది." ఎవరికి తెలుస్తోంది? ఎవరు చెప్పినారు? చావిడి కాడ చెప్పినారా, స్టేషన్లో చెప్పినారా? గేరిలోకి వచ్చి అడిగినారా?

"ఇరువర్గాలపై కేసులు." ఇది మనకు బాగా తెలిసిన మందు. మనం అట్రాసిటీ కేసు పెట్టిన గంటకే మన మీద దొంగతనమో కొట్లాటో కేసు వస్తుంది. దాన్ని చూపించి రాజీ అంటారు. ఆ కౌంటర్ కేసు ఎట్లా పుట్టిందో రాయకుండా "ఇద్దరి మీదా కేసులు" అని రాస్తే, చదివినోడు "ఇద్దరిదీ తప్పుంది" అనుకుంటాడు.

ఈ వార్తలో ఒక్క అబద్ధమైనా ఉందా? లేదు. ఇదే అసలు సంగతి. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా నిజాన్ని పూడ్చిపెట్టొచ్చు. నిష్పాక్షికత అనే పేరుతో మనకు చూపిస్తున్నది చాలాసార్లు ఈ పూడ్చిపెట్టడమే.

కారంచేడు, చుండూరు చెప్పిన పాఠం

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినారు. దానికి ముందు రోజు జరిగింది ఏమి? మాదిగలు తాగే చెరువు నీళ్లలో కుడితి బకెట్లు కడిగి మురికి చేస్తుంటే అడిగినారు. అడిగినోళ్ల మీదికి వస్తే ఒక మాదిగ స్త్రీ తన బిందె ఎత్తి అడ్డుకుంది. తెల్లారి ఊరు కట్టకట్టుకొని వచ్చి తరిమి తరిమి నరికినారు. చచ్చిన ఆరుగురూ ఒకే వైపు వాళ్లు. దీనికి "ఘర్షణ" అనే మాట ఎట్లా అతుకుతుంది?

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపినారు. శవాలను గోతాల్లో కుక్కి కాలవల్లో పడేసినారు. అవి ఒక్కటొక్కటే తర్వాత బయటపడినాయి. దీనికి మూలం సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు తగలడం. ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ. మొదటి రోజు వార్త రాసే విలేకరిని ఊహించుకోండి. ఊర్లో ఉన్నోళ్లను అడిగితే చంపినోళ్ల మనుషులే దొరుకుతారు. దళితులు కొందరు చచ్చిపోయినారు, మిగిలినోళ్లు పారిపోయినారు. "ఇద్దరినీ అడిగి రాయడం" అనే సూత్రం అక్కడ ఎట్లా పనిచేస్తుంది? మాట్లాడాల్సినోళ్లు గోతంలో ఉన్నారు. అప్పుడు నడిమధ్య నిలబడినోడికి వినబడేది ఒక్క గొంతే. మధ్యన నిలబడ్డాను అనుకుంటాడు గానీ వాడు నిలబడింది చంపినోడి అరుగు మీదే.

అట్లని పత్రికలన్నీ ఒక్కటేనని నేను అనను. కారంచేడు, చుండూరు సంగతులు దేశమంతా తెలిసింది కొంతమంది విలేకరులు మన శిబిరాల కాడికి వచ్చి కూర్చొని విని రాసినందుకే. వాళ్లు ఏమి చేసినారు? కాళ్లు కదిపి మన వైపు వచ్చి నిలబడినారు. అక్కడ నుంచి చూస్తే వాళ్లకు కనబడింది. నిలబడే చోటు మారితే కనబడేది మారుతుంది. అది నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

మన సీమలో కులాన్ని మింగే మాట

కోస్తా సంగతి అట్లుంచి మన ఇంటికి వద్దాం. కర్నూలు, కడపల్లో కులాన్ని మింగడానికి ఒక ప్రత్యేకమైన మాట ఉంది. అది "ఫ్యాక్షన్".

కోవెలకుంట్ల నుంచి జమ్మలమడుగు దాకా ఏండ్ల తరబడి మనం చదివిన వార్తలు గుర్తు తెచ్చుకోండి. "ఫలానా నాయకుడి వర్గీయుడి దారుణ హత్య." ఆ వర్గీయుడు ఎవరు? చాలాసార్లు మాలోడో, మాదిగోడో, బోయోడో, చాకలోడో. పొద్దున లేస్తే ఆ నాయకుడి చేనులో పని, రాత్రయితే ఆ నాయకుడి ఇంటి కాడ కాపలా. వానికొక పేరుంది, పెండ్లాం ఉంది, బడికి పొయ్యే పిల్లలున్నారు. చచ్చినాక వార్తలో వాడు "వర్గీయుడు". బతికినప్పుడు చాకిరీ దొరకు, చచ్చినాక శవం కూడా దొర ఖాతాలోనే! వాడు ఎందుకు కత్తి పట్టినాడు, పట్టకుంటే ఆ ఊర్లో బతకనిస్తారా, వాని ఇంటికి ఎంత భూమి ఉంది, ఇవేవీ వార్తకు అక్కరలేదు. ఇద్దరు నాయకుల పగ ఒక కథ మాదిరి నడుస్తుంది. ఆ కథను సినిమావాళ్లు తీసుకొని తొడలు కొట్టించినారు. ఆ తొడ కొట్టే సీను వెనుక ఎవరి ఇంట్లో పొయ్యి ఆరిపోయిందో ఎవరికీ కనబడలేదు.

1998 జూలైలో కర్నూలు జిల్లా వేంపెంటలో దళితుల ఊచకోత జరిగింది. ఆ సంగతి ఇప్పుడు చెప్పేటప్పుడు కూడా నక్సలైట్ల పేరు, ఊరి పగల పేరు వినబడినంత గట్టిగా చచ్చినోళ్ల కులం పేరు వినబడదు. మన సీమ గురించి బయటోళ్లకు "అక్కడంతా కత్తులు, బాంబులు" అని ఒక అభిప్రాయం గట్టిపడింది. అది గట్టిపడే కొద్దీ ఇక్కడ కులం లేనట్టే లెక్క. రెండు గ్లాసుల హోటలు, గుడి ముందర గీత, చెప్పులు చేతబట్టుకొని నడిచిన వీధి, ఇవి ఫ్యాక్షన్ వార్తల కింద నలిగిపోయినాయి.

ఇంకొకటి చూడండి. ప్రతి ఏడూ చలికాలంలో కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి జనం మిరపకోతలకు, పత్తి తీయడానికి గుంటూరు దిక్కు పోతారు. ప్రతి ఏడూ పత్రికలో ఫోటో వస్తుంది: మూటలు, చంటిపిల్లలు, లారీ. కింద "కరువు సీమ కన్నీటి వలస" అని రాస్తారు. ఫోటో నిజమే, కరువు నిజమే. కానీ అదే ఊర్లో లారీ ఎక్కనోళ్లు ఎవరు? ఎక్కినోళ్లు ఎవరు? వానదేవుడు కులం చూసి కురవడు గదా! మరి ఎండిపోయేది ఎవరి పొయ్యి? ఎవరికి ఎంత భూమి, ఎవరి బోరులో నీళ్లు, ఉపాధి పని డబ్బులు ఎన్ని వారాలకు పడినాయి, బడి మానేసిన పిల్లలు ఏ గేరి వాళ్లు, ఇవి రాస్తే అది వార్త. కన్నీరు రాయడం సులభం, లెక్క రాయడం కష్టం. కన్నీటి వార్త చదివి "అయ్యో పాపం" అంటారు. లెక్క రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

రాసే చేయి ఎవరిది?

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఎందుకిట్లా రాస్తారు? అందరూ చెడ్డోళ్లనా? కాదు. కారణాలు రెండు. ఒకటి కూర్చున్నోడి కులం. రెండు ఆ కుర్చీని నడిపే డబ్బు.

1996లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు ఢిల్లీలో విలేకరిగా ఉన్న కెనెత్ కూపర్ అనే నల్లజాతి అమెరికన్, బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుణ్ణి ఒక మాట అడిగినాడు. నాకు ఒక దళిత విలేకరిని చూపిస్తావా అని. ఉనియాల్ వెతికినాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విలేకరుల జాబితాలో 686 పేర్లున్నాయి. దాంట్లో ఆయనకు ఒక్క దళితుడు దొరకలేదు. ఆ సంగతిని దాచకుండా "పయనీర్" పత్రికలో రాసినాడు. ముప్పై ఏండ్లుగా ఆ ఢిల్లీలో పనిచేస్తూ తనకు ఈ ప్రశ్న ఎన్నడూ తట్టకపోవడం గురించి కూడా రాసినాడు. చూడండి, ప్రశ్న తట్టింది ఎవరికి? అమెరికాలో వివక్ష తిన్న జాతి మనిషికి. తెలివి ఇద్దరికీ ఉంది. నిలబడిన చోటు వేరు.

2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్క తీసినాయి. పత్రికలు, టీవీలు, వెబ్‌సైట్లు కలిపి 121 పెద్ద కుర్చీలు చూస్తే 106 అగ్రకులాల వాళ్లవి. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ లేదు. 1996 నుంచి 2019 దాకా ఎంత కాలం గడిచింది! ఈ మధ్యలో పుట్టిన పిల్లోడు డిగ్రీ కూడా అయిపోగొట్టినాడు.

అమెరికాలో 1967లో నల్లవాళ్ల పేటలు భగ్గుమన్నప్పుడు ప్రభుత్వం కెర్నర్ కమిషన్ వేసింది. 1968లో ఆ కమిషన్ నివేదిక ఇస్తూ, పత్రికలు లోకాన్ని తెల్లవాడి కంటితోనే చూస్తున్నాయని తేల్చింది. పత్రికల్లో రాసే, దిద్దే ఉద్యోగాల్లో నల్లవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరని లెక్క చెప్పింది. అది ప్రభుత్వమే వేసిన కమిషన్ చెప్పిన మాట. మన దేశంలో అట్లాంటి కమిషన్ కోసం మనం ఇంకా అడగాల్సే ఉంది.

ఇక డబ్బు. మండలంలో ఉండే విలేకరికి జీతం అంటూ సరిగా ఉండదు. అచ్చయిన వార్త కొలిచి ఇచ్చే చిల్లర. దానికితోడు పండగలకూ, నాయకుల పుట్టినరోజులకూ యాడ్లు తేవాలని పైనుంచి ఒత్తిడి. యాడ్ ఇచ్చేది ఎవరు? కాంట్రాక్టరు, ఎరువుల అంగడోడు, రైసుమిల్లోడు, నాయకుడు. మన గేరిలో యాడ్ ఇచ్చేవాడు ఉన్నాడా? యాడ్ ఇచ్చినోడి కొడుకు మనోణ్ణి కొడితే ఆ విలేకరి చేయి ఆడుతుందా? వానికీ బిడ్డలున్నారు. వాని మీద నాకు కోపం లేదు. వాని చేయి పట్టుకున్న చేతుల మీదే నా కోపం.

2009 ఎన్నికల్లో వార్తల అమ్మకం ఏ స్థాయికి పోయిందంటే, డబ్బు తీసుకొని అభ్యర్థుల పొగడ్తలను వార్తల మాదిరి అచ్చు వేసినారు. మన రాష్ట్రంలో పాత్రికేయుల సంఘమే పశ్చిమ గోదావరి జిల్లాలో దాని మీద పరిశీలన చేసింది. ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి 2010లో నివేదిక ఇచ్చినారు. దాన్ని మొదట పూర్తిగా బయటపెట్టడానికి కూడా కౌన్సిల్ ముందుకు రాలేదు. వార్తను కూరగాయల మాదిరి తూచి అమ్మిన పరిశ్రమ, మన కరపత్రాన్ని చూసి "పక్షపాతం" అంటుంది!

పక్షం ఉన్నోళ్లే చరిత్ర రాసినారు

పక్షం ఉండడం తప్పయితే మన కర్నూలు గడ్డ మీద పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును ఎందుకు పొగుడుతున్నాం? 1908లో బెజవాడ "స్వరాజ్య" పత్రికలో తెల్ల దొరతనాన్ని ఎండగట్టినందుకు ఆయనను జైల్లో వేసినారు. తెల్లోని వాదన సగం, మన వాదన సగం కలిపి ఆయన సమతూకంగా రాసినాడా? లేదు. ఆయనది పక్షపాతం అని ఎవరైనా అంటారా? అనరు, అనగూడదు కూడా. తెల్లోని మీద రాస్తే దేశభక్తి, కులం మీద రాస్తే పక్షపాతం. కొలపాత్ర ఒకటే అయితే కొలత ఇట్లా మారుతుందా?

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1920 జనవరి 31న "మూక్‌నాయక్" మొదలుపెట్టినాడు. అదీ పక్షపత్రికే, పదహైదు రోజులకొకసారి వచ్చేది. మూక్ అంటే నోరులేనోళ్లు. ఆ పత్రిక వస్తుందని ఒక ప్రకటన వేయమని, డబ్బు ఇస్తామని అడిగితే కూడా "కేసరి" పత్రిక వేయలేదు. స్వరాజ్యం కోసం పోరాడే పెద్ద పత్రిక అది. వార్త కాదు, వ్యాసం కాదు, డబ్బిచ్చే ప్రకటనకే చోటు లేదు! తర్వాత 1927 మార్చి 20న మహాద్ చెరువు నీళ్లు తాగినారు. మనవాళ్ల మీద దాడి జరిగింది. రెండు వారాలకు, ఏప్రిల్ 3న బాబాసాహెబ్ "బహిష్కృత్ భారత్" తెచ్చినాడు. నీళ్ల కోసం పోరాటం, ఆ వెంటనే పత్రిక. ఎందుకంటే నీళ్లు తాగినామని మనం చెప్పుకోకపోతే, నీళ్లు అపవిత్రం చేసినామని వాళ్లు చెప్తారు.

మన తెలుగులో కూడా భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో "భాగ్యనగర్" పత్రిక నడిపినాడు. కుసుమ ధర్మన్న "జయభేరి" నడిపినాడు. కారంచేడు తర్వాత "నలుపు" వచ్చింది. 2008లో జహీరాబాద్ పక్కన మాచనూరులో దళిత స్త్రీలు "సంగం రేడియో" నడపడం మొదలుపెట్టినారు. చదువు లేదన్నోళ్లే మైకు ముందర కూర్చొని విత్తనాల గురించి, కూలి గురించి మాట్లాడినారు. ఇవన్నీ పక్షమున్న గొంతులే.

పక్షం ఉంటే చాలదు

ఇక్కడ దాకా చప్పట్లు బాగా కొట్టినారు. ఇప్పుడు చెప్పేది చప్పట్లు కొట్టే మాట కాదు, కష్టమైన మాట. మనకు పక్షం ఉంది, న్యాయం మన వైపు ఉంది, కాబట్టి మనం ఏమి రాసినా నిజమే అనుకుంటే మునిగిపోతాం.

ఐడా వెల్స్ అనే ఒక నల్లజాతి స్త్రీ గురించి చెప్తాను. ఆమె బానిసల కడుపున పుట్టింది. బడిపంతులమ్మ, తర్వాత పత్రిక నడిపింది. 1892లో అమెరికాలో మెంఫిస్ అనే ఊర్లో ఆమె స్నేహితులు ముగ్గురిని తెల్లవాళ్లు చంపినారు. వాళ్లు చేసిన నేరం కిరాణా అంగడి పెట్టుకోవడం. తెల్లోని అంగడికి బేరాలు తగ్గినాయి. ఆ కాలంలో నల్లవాణ్ణి చంపితే "తెల్ల స్త్రీ మీద చేయి వేసినాడు" అని తెల్ల పత్రికలు రాసేవి. చుండూరులో కూడా "మా ఆడోళ్లను ఏడిపిస్తున్నారు" అన్న ప్రచారం నడిచింది. సముద్రాల అవతలా ఇవతలా ఒకటే ఎత్తు!

ఐడా వెల్స్ ఏమి చేసింది? ఊరూరూ తిరిగి ఒక్కొక్క హత్యకు అసలు కారణం వెతికింది. 1895లో అచ్చు వేసిన పుస్తకంలో ఆమె లెక్కలు యాడ నుంచి తీసుకుంది? తెల్లవాళ్ల పత్రిక "షికాగో ట్రిబ్యూన్" అచ్చు వేసిన లెక్కల నుంచే. వాళ్ల అంకెలు వాళ్ల ముందే పెట్టి, చాలా హత్యల్లో ఆ ఆరోపణ కూడా లేదని చూపించింది. ఆమె పత్రిక ఆఫీసును ధ్వంసం చేసినారు గానీ ఆమె అంకెను కాదనలేకపోయినారు. ఆమెకు పక్షం ఉందా? నిలువెల్లా ఉంది. ఆమె రాసింది వస్తుగతమా? అంతకు మించిన వస్తుగతం లేదు. చూడండి, రెండింటికీ తగాదా లేదు. ఏ ప్రశ్న అడగాలో పక్షం చెప్తుంది. జవాబు మాత్రం వాస్తవమే చెప్పాలి. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

దీని అవసరం ఎంతో చుండూరు కేసే చూపిస్తుంది. 2007 జూలై 31న చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఏ టైముకు చచ్చినారు, యాడ చచ్చినారు, ఎవరు కొట్టినారు అనేది రుజువు కాలేదంది. ప్రాణభయంతో పొలాల్లో పరుగెత్తే మనిషి గడియారం చూసుకుంటాడా అని మనకు కడుపు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే. అయితే కోర్టు అడిగేది ఎప్పుడూ అవే మూడు: ఎప్పుడు, యాడ, ఎవరు. కాబట్టి మొదటి రోజు మన చేతిలో ఉన్న కాగితం మీద అవి ఉండి తీరాలి.

మన నోటుబుక్కు ఎట్లుండాల?

కార్యకర్తలందరూ ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పేజీని నిలువునా మూడు గళ్లు చేయండి. మొదటి గడి "చూసింది". రెండోది "విన్నది". మూడోది "అనుకున్నది". రక్తం మరక, కాలిన గుడిసె, పగిలిన బిందె మొదటి గడిలో. ఫలానా అక్క ఇట్లా చెప్పింది అనేది రెండో గడిలో, ఆమె మాటల్లోనే. దీని వెనుక ఫలానావాడు ఉంటాడు అనేది మూడో గడిలో. మూడో గడిలోది మొదటి గడిలోకి దూకనీయొద్దు. మన నిజాయితీ అంతా ఆ రెండు గీతల్లో ఉంది.

అంకె రాసేటప్పుడు తలకాయలు లెక్కపెట్టండి. అయిదు ఇండ్లు కాలితే అయిదు అనే రాయండి, "ఊరంతా తగలబెట్టినారు" అని రాయొద్దు. మనం అయిదును యాభై చేస్తే, వాళ్లు ఆ నలభై అయిదును పట్టుకొని అసలు అయిదును కూడా అబద్ధం అంటారు.

అవతలోళ్లను కూడా అడగండి. భయం లేకుంటే మీరే, భయముంటే ఇంకొకరితో. వాడు ఏమన్నాడో "వాడు ఇట్లా అన్నాడు" అని రాయండి. దానికీ మన మాటకూ సమానంగా జాగా ఇవ్వాలని కాదు. వాడు అబద్ధం చెప్పినా ఆ అబద్ధం రాతలో దొరికిపోతుంది, రేపు పనికొస్తుంది.

కులం పేరు రాయండి, కొట్టినోడిదీ, తిన్నోడిదీ. "ఒక వర్గం" అని మనం కూడా రాయొద్దు. 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు నిలబడాలంటే ఎవరు ఏ కులమో తేలాల్సిందే. అయితే మానభంగానికి గురైన ఆడబిడ్డ పేరు గానీ, ఆమెను గుర్తుపట్టే వివరం గానీ అచ్చు వేయొద్దు, ఫోన్లో పంపొద్దు. అది చట్టరీత్యా నేరం, మనిషిగా అంతకంటే పెద్ద తప్పు.

పత్రికలో వచ్చింది కాబట్టి పని అయిపోయిందనుకోవద్దు. పత్రికలో వార్త దానంతట అది సాక్ష్యం కాదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఎఫ్‌ఐఆర్ రాయించండి. చదివించుకొని వినండి, ఆ తర్వాతే సంతకం చేయండి. ఫిర్యాదు ఇచ్చినోళ్లకు దాని నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెప్తుంది. అది అడిగి తీసుకోండి.

ఇప్పుడు ప్రతి చేతిలో సెల్‌ఫోన్ ఉంది. మంచిదే. తీసిన వీడియో ముక్కలు కోయొద్దు, పాట తగిలించొద్దు. తీసిన ఫోనును, అసలు వీడియోను భద్రంగా పెట్టండి. వేరే ఊరి బొమ్మ మన ఊరిదని వాట్సాప్‌లో వస్తే ఆవేశంతో పంపొద్దు. అట్లాంటి ఒక్క బొమ్మ మన నిజమైన బొమ్మలు పదింటిని చంపుతుంది.

అద్దం మన వైపు కూడా

చివరగా ఒక మాట. నిలబడే చోటును బట్టి కంటికి కనబడేది మారుతుందని మనం పెద్ద పత్రికలకు చెప్తున్నాం. మరి మన పత్రికకు ఆ మాట వర్తించదా? మన చిన్న పత్రికల్లో మాదిగ గొంతు ఎంత, మాల గొంతు ఎంత, ఉపకులాల గొంతు ఎంత అని లెక్క చూసుకున్నామా? 1994లో దండోరా డప్పు మోగినప్పుడు ఆ వార్తను ఎవరు ఎట్లా రాసినారో పాత పత్రికలు తీసి చూడండి. వర్గీకరణ మీద 2004లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి ఇంకో మాట చెప్పింది. ఆ ఇరవై ఏండ్లలో మన పేజీల్లో ఒకరి కడుపుమంట ఇంకొకరికి చీలిక మాదిరి కనబడలేదా? మన ఆడోళ్లు గేరి లోపల తినే దెబ్బలు ఎన్నిసార్లు వార్త అయినాయి? "ఇంటి గుట్టు" అని మనమూ దాచిపెట్టినాం గదా! ఇంటి గుట్టు అనేది కూడా "ఇరువర్గాల ఘర్షణ" లాంటి మాటే. అదీ కర్తను దాచే మాటే.

కాబట్టి ఈ తరగతి నుంచి పొయ్యేటప్పుడు ప్రతి ఊరి నుంచి ఇద్దరు పేర్లు ఇవ్వండి, ఒక మగ, ఒక ఆడ. ఒకరు మాలగేరి నుంచి అయితే ఇంకొకరు మాదిగగేరి నుంచి. మూడు గళ్ల నోటుబుక్కు వాళ్ల చేతికివ్వండి. పక్షానికొకసారి ఊరి వార్త పంపించండి. రాయడం రానోళ్లు చెప్పండి, బడికి పొయ్యే పిల్లోళ్లు రాస్తారు. అక్షరం తప్పు పోతే దిద్దుకోవచ్చు. అంకె తప్పు పోగూడదు.

మా నాయన సంతకం నేర్చుకోకుండానే పోయినాడు. ఆయన తరం గురించి ఏమి రాసినా ఇంకొకరే రాసినారు, వాళ్లకు కనబడినంతే రాసినారు. మన తరం చేతిలో కలం ఉంది. మాకు పక్షం లేదని బొంకడానికి కాదు అది. మా పక్షం ఇదీ అని చెప్పి, అయినా మేము రాసిన అంకె తప్పైతే చూపించండని నిలబడడానికి.

జై భీమ్.